మొదటి విదేశీ ప్రయాణం రైల్లో: రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్‌లకు మనమే ప్లాన్ వేసుకోవడం ఎలా

మా బాబాయి కాజీపేటలో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. పాస్‌పోర్ట్ చేతికొచ్చిన రోజు ఆయన అడిగింది ఒక్కటే: "ఏ దేశమైనా సరే, బస్సులో కూర్చోబెట్టి తిప్పే టూర్ మాత్రం వద్దురా. రైలెక్కి ఊళ్లు చూడాలి." ఆయనకీ పిన్నికీ అది మొదటి విదేశీ ప్రయాణం. ప్లాన్ వేసే పని నా మీద పడింది. ఆ ప్లాన్ వేస్తూ, తర్వాత వాళ్లతో కలిసి తిరుగుతూ నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెబుతాను. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇటలీ ఎందుకు మంచిదంటే, చరిత్ర ఉన్న మూడు పెద్ద ఊళ్లు ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. స్టేషన్లు ఊరి నడిబొడ్డునే ఉంటాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రెండు గంటలు, అంతే.

ముందు ఊళ్లు తగ్గించండి

"అంత దూరం వెళ్తున్నాం కదా, పారిస్, స్విట్జర్లాండ్ కూడా చూసేద్దాం" అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. సామాను సర్దాలి, హోటల్ ఖాళీ చేయాలి, రైలెక్కాలి, కొత్త హోటల్ వెతుక్కోవాలి. అయిదు ఊళ్లు పెట్టుకుంటే మీకు గుర్తుండేది సూట్‌కేసే.

మేము పెట్టుకున్న లెక్క తొమ్మిది రాత్రులు: రోమ్‌లో నాలుగు, ఫ్లోరెన్స్‌లో మూడు, వెనిస్‌లో రెండు. విమాన ప్రయాణంతో కలిపి పదకొండు రోజులు. పెద్దవాళ్లు ఉంటే ఇంతకంటే బిగించవద్దు. రోజులు మిగిలితే కొత్త ఊరికి మకాం మార్చకుండా, ఉన్న ఊరి నుంచే పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రండి. ఫ్లోరెన్స్ నుంచి పీసా గంట ప్రయాణం. వెనిస్ నుంచి పాదువా అరగంట లోపే. రోమ్ నుంచి నేపుల్స్ గంటా పది నిమిషాలు.

నేపుల్స్ గురించి ఒక మాట. దాని దగ్గర్లోనే అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాత రోమన్ ఊరు పాంపేయీ ఉంది. ఆ శిథిలాల్లో 1938లో ఏనుగు దంతంతో చెక్కిన చిన్న స్త్రీ విగ్రహం దొరికింది. మన దేశంలో తయారై, క్రీ.శ. 79లో అగ్నిపర్వతం పేలకముందే అక్కడికి చేరిన బొమ్మ అది. దక్కన్‌లో, శాతవాహనుల ఏలుబడిలోని ప్రాంతంలో చెక్కి ఉండవచ్చని కొందరు పండితుల అభిప్రాయం. ఇప్పుడది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. మంగళవారం ఆ మ్యూజియం ఉండదు, అది చూసుకుని వెళ్లండి.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా, లేదంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరి దాకా. మన పిల్లల దసరా సెలవులు సరిగ్గా రెండో కాలంలో పడతాయి, అప్పుడు ఎండ హాయిగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో రోమ్‌లో 35 డిగ్రీలు దాటడం మామూలే, దానికి తోడు జనం. ఆగస్టు 15 వాళ్లకూ పండగే. దాని చుట్టుపక్కల రోజుల్లో చిన్న హోటళ్లు, దుకాణాలు చాలా వరకు మూసేస్తారు.

విమానం: ఒక ఊళ్లో దిగి, ఇంకో ఊళ్లో ఎక్కండి

రోమ్‌కే రానుపోను టికెట్ కొంటే చివర్లో వెనిస్ నుంచి మళ్లీ రోమ్‌కి రావాలి. ఒక రోజు, ఆ రైలు ఖర్చు రెండూ వృథా. టికెట్ వెతికేటప్పుడు 'మల్టీ సిటీ' అన్న చోట నొక్కి, హైదరాబాద్ నుంచి రోమ్‌కి, వెనిస్ నుంచి హైదరాబాద్‌కి అని ఇవ్వండి. దుబాయ్ లేదా దోహా మీదుగా ఒకే మార్పుతో దొరుకుతాయి. ధర చాలాసార్లు మామూలు రానుపోను టికెట్‌కి దగ్గరగానే ఉంటుంది.

మనవాళ్లకు పేరు దగ్గరే చిక్కు వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాన్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు వేరే గడిలో ఉంటుంది. విమానం, హోటల్, వీసా, మ్యూజియం టికెట్ అన్నిటికీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఇవ్వండి. మా పిన్ని బ్యాంకు ఖాతాలో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్ట్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. వీసాకు వెళ్లేముందే బ్యాంకులో సరిచేయించుకున్నాం. మీ ఇంట్లో కాగితాలు ఈరోజే ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి.

వీసా

ఇటలీకి కావలసింది షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. నా మాట వింటే మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ కోసం చూడండి. వేసవి ముందు అవి దొరకడం కష్టం. మన దేశంలో ఇటలీ దరఖాస్తులు వీఎఫ్ఎస్ కేంద్రాల్లో తీసుకుంటారు. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. కేంద్రం సర్వీసు చార్జీ దీనికి అదనం.

పాస్‌పోర్ట్ గడువు మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకూడదు. వీటితో పాటు బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఉద్యోగమైతే సెలవు ఇచ్చినట్టు ఆఫీసు లేఖ, రిటైరయినవాళ్లకు పెన్షన్ కాగితాలు, విమానం, హోటల్ బుకింగులు పెట్టాలి. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో ఒక పేజీలో రాసివ్వండి. హోటల్ తేదీలు, విమానం తేదీలు, ఈ పేజీలో తేదీలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఎక్కువ మంది జారేది ఇక్కడే.

వీసా వచ్చేదాకా డబ్బు తిరిగిరాని టికెట్ ఏదీ కొనవద్దు. హోటల్ ఉచితంగా రద్దు చేసుకునేది ఎంచుకోండి. ఇంకో విషయం: ఐరోపా సరిహద్దు దగ్గర వేలిముద్రలు, ఫొటో తీసుకుని కంప్యూటర్లో నమోదు చేసే కొత్త పద్ధతి 2025 అక్టోబర్‌లో మొదలైంది. దిగిన రోజు ఇమిగ్రేషన్‌కి ఎక్కువ సమయం పట్టవచ్చు, ఆ రోజు వేరే పని ఏదీ పెట్టుకోకండి.

రైలు టికెట్లు

బాబాయి మొదటి ప్రశ్న, "వెయిటింగ్ లిస్టు ఎంత ఉంటుంది?" అక్కడ వెయిటింగ్ లిస్టూ లేదు, ఆర్‌ఏసీ, తత్కాల్ కూడా లేవు. సీటు ఉంటే అమ్ముతారు, లేకపోతే లేదు. అయితే విమానం టికెట్ లాగా రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది.

ఫాస్ట్ రైళ్లు నడిపేది ఇద్దరు. ప్రభుత్వ రైల్వే త్రెనితాలియా, దాని ఫాస్ట్ రైలు పేరు ఫ్రెచ్చారోసా. రెండోది 2012లో మొదలైన ప్రైవేటు సంస్థ ఇతాలో. రెండిటి రైళ్లూ గంటకు 300 కిలోమీటర్ల దాకా వెళ్తాయి, ఒకే పట్టాల మీద, అవే స్టేషన్లకు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ దాదాపు గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు. రెండు సైట్లూ తెరిచి ధర పోల్చి చూడండి, సొంత సైట్లలోనే కొనండి. మధ్యవర్తి సైట్లు పైన చార్జీ వేస్తాయి. కొనేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి.

రెండు, మూడు నెలల ముందు కొంటే ఒక్కొక్కరికి 20 నుంచి 30 యూరోల్లో దొరుకుతుంది. చివరి రోజు అదే సీటు 50 దాటుతుంది. చవక రకం టికెట్‌ని మార్చుకోవడం, రద్దు చేసుకోవడం కుదరదు. అసలు ధర టికెట్, అంటే 'బేస్', మార్చుకోవచ్చు. ఊరి నుంచి ఊరికి వెళ్లే రోజు ఖాయమైతే చవకది తీసుకోండి. విమానం దిగిన రోజే పెద్ద రైలు ఎక్కాల్సి వస్తే మాత్రం చవక టికెట్ వద్దు, విమానం ఆలస్యమైతే అది చెల్లదు.

టికెట్ కొనేటప్పుడు స్టేషన్ పేరు పూర్తిగా చదవండి. రోమ్‌లో మీకు కావలసింది రోమా తెర్మినీ, తిబుర్తీనా కాదు. ఫ్లోరెన్స్ వాళ్ల భాషలో ఫిరెంజే. అందులో సాంతా మరియా నొవెల్లా ఊరి మధ్యది. కాంపో ది మార్తే, రిఫ్రేది వేరే స్టేషన్లు. వెనిస్‌లో సాంతా లూచియా దీవిలో ఉంది, మెస్త్రే ఒడ్డున ఉంది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ తేడా తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఐరోపా దేశాల రైళ్లలో తిరగడానికి ఇచ్చే యూరెయిల్ పాస్ గురించి చాలామంది అడుగుతారు. ఈ మూడు ఊళ్లకు అది దండగ. పాస్ ఉన్నా ఫాస్ట్ రైల్లో ప్రతి సీటుకీ విడిగా రిజర్వేషన్ డబ్బు కట్టాలి. విడి టికెట్లే చవక.

పీసా లాంటి దగ్గరి ఊళ్లకు వెళ్లేది రీజియొనాలే, అంటే మన ప్యాసింజర్. దానికి సీటు నంబరు లేదు, ధర ఎప్పుడూ ఒకటే, ముందే కొననక్కర్లేదు. కానీ ఒక నియమం మాత్రం గట్టిది. మెషిన్లో కొన్న కాగితం టికెట్‌ని రైలెక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గరుండే చిన్న పెట్టెలో దూర్చి స్టాంపు వేయించుకోవాలి. యాప్‌లో కొన్నదైతే 'చెక్ ఇన్' చేయాలి. టికెట్ కొన్నా స్టాంపు లేకపోతే టీసీ జరిమానా వేస్తాడు, తెలియదంటే వినడు. ఫాస్ట్ రైలు టికెట్లకు ఈ పని లేదు.

స్టేషన్‌లో ఏం చేయాలి

ఇటాలియన్ మాటలు చాలా వరకు తెలుగు మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. అందుకేనేమో, పిన్ని రెండో రోజుకే బోర్డులు గడగడా చదివేసింది. నాలుగు మాటలు చాలు: పార్తెంజే అంటే బయలుదేరేవి, బినారియో అంటే ప్లాట్‌ఫామ్, కరోజ్జా అంటే బోగీ, రితార్దో అంటే ఆలస్యం.

బోర్డు మీద మీ ఊరి పేరు కనిపించకపోతే టెన్షన్ పడకండి. రైలు చివరికి చేరే ఊరి పేరే పెద్దగా రాస్తారు. ఫ్లోరెన్స్ వెళ్లే మీ రైలుకి మిలానో అనో, తొరీనో అనో ఉండవచ్చు. టికెట్ మీద ఉన్న నాలుగంకెల రైలు నంబరు, బయలుదేరే సమయం, ఈ రెండూ పట్టుకుని వెతకండి. ప్లాట్‌ఫామ్ నంబరు పది, పదిహేను నిమిషాల ముందే వేస్తారు. అప్పటిదాకా అందరూ బోర్డు కిందే నిలబడి ఉంటారు, మీరూ అక్కడే ఉండండి. నంబరు పడగానే వెళ్లండి, తలుపులు సమయానికి ముందే మూసుకుంటాయి. తెర్మినీలో ప్లాట్‌ఫామ్‌ల మీదికి వెళ్లడానికి గేటు ఉంది, అక్కడ టికెట్ చూపించాలి. మొత్తం కలిపి అరగంట ముందు స్టేషన్‌లో ఉంటే చాలు.

టికెట్ మెషిన్ దగ్గర "నేను సాయం చేస్తా" అంటూ వచ్చేవాళ్లను మర్యాదగా వద్దనండి. జేబుదొంగల బెడద తెర్మినీలో, రోమ్ మెట్రోలో నిజంగానే ఉంది. పాస్‌పోర్ట్, కార్డులు బట్టల లోపల కట్టుకునే చిన్న సంచిలో పెట్టుకోండి.

ఇటలీలో సమ్మెలు తరచుగా జరుగుతాయి. సమ్మెను షోపెరో అంటారు. తేదీ ముందే ప్రకటిస్తారు కాబట్టి వారం ముందు ఒకసారి వెతికి చూసుకోండి. సమ్మె రోజైనా కొన్ని దూరపు రైళ్లు తప్పక నడుపుతారు, ఆ జాబితా రైల్వే సైట్‌లో పెడతారు. రైలు గంట ఆలస్యమైతే టికెట్‌లో నాలుగో వంతు, రెండు గంటలైతే సగం తిరిగి అడగవచ్చు, అది ఐరోపా నియమం.

దిగిన రోజు, బస

రోమ్ ఫ్యూమిచీనో విమానాశ్రయంలోనే స్టేషన్ ఉంది. లియొనార్దో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో ఎక్కడా ఆగకుండా తెర్మినీకి చేరుస్తుంది, టికెట్ 14 యూరోలు. అక్కడే ఇంకో చవక రైలు కనిపిస్తుంది, కానీ అది తెర్మినీకి వెళ్లదు.

రైలు ప్రయాణానికి బస స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉండాలన్నది నా పట్టుదల. చార్జీలు, చెమట రెండూ తగ్గుతాయి. లిఫ్టు ఉందో లేదో అడగండి, పాత భవనాల్లో చాలా చోట్ల ఉండదు. బుకింగ్‌లో కనిపించే ధర కాక తలకీ రాత్రికీ ఇంతని ఊరి పన్ను హోటల్ దగ్గర కట్టాలి.

ముందే సమయం తీసుకోవాల్సిన చోట్లు

రోమ్‌లోని పురాతన క్రీడా ప్రాంగణం కొలోసియం టికెట్లు దాదాపు నెల ముందు వదులుతారు, పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్ట్ చూస్తారు. ఆ పక్కనే ఉన్న ఫోరం శిథిలాలకూ అదే టికెట్. కొలోసియం క్రీ.శ. 80లో తెరిచిన కట్టడం. అప్పటికి మన దగ్గర శాతవాహనులు ఉన్నారు, రోమన్ నాణేలు నల్గొండ ప్రాంతంలో కూడా దొరికాయి. ఆ మాట చెప్పాక బాబాయి ఆ రాళ్లను చూసిన తీరే మారిపోయింది. అందుకే వెళ్లేముందు పెద్దవాళ్లకూ పిల్లలకూ ఆ కాలంలో ఇక్కడ ఏం జరుగుతోందో కాస్త చెప్పి తీసుకెళ్లండి.

వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు ఉండదు. ఫ్లోరెన్స్‌లో వర్ణచిత్రాల మ్యూజియం ఉఫీజ్జీ, మైకేలాంజెలో చెక్కిన దావీదు ఉన్న అకాదేమియా రెండూ సోమవారం మూత. మీ మూడు రోజుల్లో సోమవారం పడితే ఆ రోజు పీసా పెట్టుకోండి. బ్రూనెల్లెస్కీ 1420 నుంచి 1436 దాకా కట్టిన ఫ్లోరెన్స్ పెద్ద చర్చి గుమ్మటం పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులుంటే కింది నుంచి చూసినా తక్కువేం కాదు. చర్చిల్లోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, చుడీదార్ కట్టుకునేవాళ్లకు ఇబ్బందే లేదు.

రోజుకి టికెట్ పెట్టి చూసే చోటు ఒక్కటే పొద్దున పూట పెట్టుకోండి. మిగతాది నడక. మేము ఎక్కువ సంతోషపడింది ఆ నడకలోనే.

సామాను, తిండి

మనిషికి ఒక చిన్న ట్రాలీ సూట్‌కేస్, భుజానికి ఒక సంచి. అక్కడ కూలీలు ఉండరు, రైలు మెట్ల మీద మీరే ఎత్తుకోవాలి. ఇంటి దగ్గరే నింపిన పెట్టె పట్టుకుని రెండంతస్తులు ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే సగం తీసేయండి. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి.

కంది పొడి, ఆవకాయ తీసుకెళ్లవచ్చు, గట్టిగా మూతపెట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి. నెయ్యి, పాల పదార్థాలు, మాంసం ఐరోపాలోకి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు, కూరగాయలకు కూడా ధ్రువపత్రం లేనిదే అనుమతి లేదు. సూపర్ మార్కెట్లో బియ్యం దొరుకుతుంది. పెరుగు కోసం డబ్బా మీద 'బియాంకో నాతురాలే' అని ఉందో లేదో చూడండి, లేకపోతే తియ్యటిది వస్తుంది. వంటగది ఉన్న బస తీసుకున్నాం కాబట్టి రాత్రికి పెరుగన్నం కుదిరింది, పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

బయట శాకాహారులకు మార్గరీతా పిజ్జా, టమాటా పాస్తా, కారంగా కావాలంటే అరబ్బియాతా ఎక్కడైనా ఉంటాయి. "సెంజా కార్నే, సెంజా పేషే" అంటే మాంసం, చేప లేకుండా అని. పార్మెజాన్ చీజ్ తయారీలో దూడ పొట్టలోని పదార్థం వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు చీజ్ లేని మరినారా పిజ్జా అడగండి. బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి రెండు, మూడు యూరోలు పడితే అది మోసం కాదు, కూర్చున్నందుకు వేసే మామూలు చార్జీ. రోమ్ వీధుల్లో ఎప్పుడూ పారుతూ ఉండే చిన్న కుళాయిల నీళ్లు మంచివి, సీసా వెంట ఉంచుకుంటే చాలు.

డబ్బు

యూరోకి వంద రూపాయలు చొప్పున మోటు లెక్క వేసుకోండి. ఇద్దరు కలిసి ఒక గదిలో ఉంటే మనిషికి బస 540 యూరోలు, రైళ్లు, ఊళ్లో బస్సులు 135, తిండి 400, చూసే చోట్ల టికెట్లు 120, వీసా 90. దీనికి విమానం, ఇన్సూరెన్స్ కలిపితే మనిషికి సుమారు రెండు లక్షలు, ఆ పైన. ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డులో ఎక్కువ భాగం వేసుకుని, రెండు వందల యూరోలు నోట్లుగా ఉంచుకోండి. కార్డు మెషిన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా?" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలంటే మారకం రేటు వాళ్లు వేసుకుంటారు.

వెనిస్

మేము ఒక స్టేషన్ ముందే, మెస్త్రేలో దిగిపోయాం. బోర్డు మీద 'వెనేజియా' అని ఉండేసరికి పెట్టెలు దించేశాం. తర్వాతి రైల్లో పది నిమిషాల్లో దీవికి చేరాం కానీ ఆ కంగారు మీకు వద్దు. రెండు వైపులా నీళ్లు కనిపించాకే లేవండి. ఆ రైలు వంతెన 1846 నాటిది. సాంతా లూచియా గుమ్మం దాటి బయటికి రాగానే మెట్లు, మెట్ల కింద పెద్ద కాలువ. ఆటో లేదు, కారు లేదు, పడవే బస్సు. బాబాయి ఆ మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ పడవ బస్సును వాపొరెత్తో అంటారు. ఒక్కసారి ఎక్కితే 9.50 యూరోలు, 24 గంటల పాస్ 25. ఒకటో నంబరు పడవ పెద్ద కాలువ పొడవునా మెల్లగా వెళ్తుంది, సాయంత్రం ఎక్కండి. బస స్టేషన్ వైపే తీసుకోండి, దారిలోని ప్రతి వంతెనకూ మెట్లుంటాయి, పెట్టె మోయాలి. కొన్ని రోజుల్లో పగలు మాత్రమే వచ్చి వెళ్లేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటారు. రాత్రి బస చేసేవాళ్లకు అది లేదు కానీ ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

రియాల్తో వంతెనకు దగ్గర్లో కోర్తే దెల్ మిలియోన్ అనే చిన్న ముంగిలి ఉంది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో కుటుంబం ఇల్లు ఆ చోటే ఉండేదంటారు. 1271లో బయలుదేరి 1295లో తిరిగొచ్చిన ఆయన, ముత్ఫిలి అనే రాజ్యాన్నీ, దాన్ని న్యాయంగా ఏలిన ఒక రాణినీ, అక్కడి వజ్రాలనూ సన్నని బట్టలనూ వర్ణించాడు. ముత్ఫిలి అంటే మన మోటుపల్లి రేవు, ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. ఆ ముంగిట్లో బాబాయికి ఇది చెబితే, "మోటుపల్లి మనం చూడలేదేరా" అన్నారు.

తిరుగు ప్రయాణం రోజు పియజ్జాలే రోమా నుంచి బస్సు ఇరవై నిమిషాల్లో విమానాశ్రయానికి తీసుకెళ్తుంది. ఆ విమానాశ్రయం పేరు కూడా మార్కో పోలోనే. ఇంటికొచ్చిన నెలలోపే ముగ్గురం కాజీపేటలో రైలెక్కి చీరాలలో దిగి, ఆటోలో మోటుపల్లి వెళ్లాం. సముద్ర వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర ఉంది.